చదరపు అడుగులు

బొరుసులంకకి చట్టం వచ్చింది
ప్లాస్టిక్ కవర్లో, నా చంకలో,
పంటు మీద, మూడు మోటారు సైకిళ్ళకీ
ఒక చూడి గేదెకీ మధ్య.
కాగితాలేంటని సరంగు అడిగాడు.
"చిన్నపిల్లల చట్టం."
"ఆళ్ళక్కూడానా!" అని నవ్వి
టిక్కెట్టు డబ్బులు మాత్రం తీసుకున్నాడు.

మండలాఫీసులో జూనియర్ అసిస్టెంటుని.
అసెంబ్లీలో ఆ రోజు బల్లలు చరిచారట,
మాకు కరెంటు లేదు, చూళ్ళేదు.
నా చేతికొచ్చింది పదకొండు పేజీల జెరాక్సు,
ఇరవై గడుల ఫారం,
ఇనప టేపొకటి. దాని మొదటి అంగుళం విరిగిపోయింది.
కొలిచినప్పుడల్లా ఒకటి తీసెయ్యాలి.

సెక్షన్ రెండు: "బాల" అనగా
మూడేళ్ళు నిండి ఆరేళ్ళు నిండని వ్యక్తి.
వ్యక్తులు పద్దెనిమిది మంది
కొబ్బరిపీచు గొడౌన్లో, చాప మీద,
ముక్కులు ఎగబీల్చుకుంటూ నన్ను చూశారు.
గెడ్డం సువార్తమ్మ గారు పేర్లు పిలుస్తున్నారు.
"ఆయ్" "ఆయ్" అంటున్నారు.
ఒకడు తన పేరుకీ అన్నాడు,
జ్వరమొచ్చి రానివాడి పేరుకీ అన్నాడు.

పుట్టిన తేదీ దగ్గర ఆగిపోయాం.
ఓలేటి లోవతల్లి వాళ్ళమ్మ
తడిచేతులు చీరకి తుడుచుకుంటూ చెప్పింది:
"పెద్ద వరదకండి. ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక ఎగరేశారే,
ఆ రాత్రి. పడవలో. ఇంకా ఒడ్డు రాలేదు."
ఫారంలో గోదారికి గడి లేదు.
వరద బియ్యం పంచిన తేదీ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కుని
నాలుగు రోజులు వెనక్కి లెక్కేసి
అదే రాశాను.

సెక్షన్ నాలుగు: ఒక్కో బాలకు
పన్నెండు చదరపు అడుగులకు తగ్గరాదు.
టేపు అటు కొస సువార్తమ్మ గారు పట్టుకున్నారు.
పొడవు ఇరవై, వెడల్పు పదకొండు.
అందులోంచి పీచు మూటలు తీసెయ్యి,
గ్యాసు బండ తీసెయ్యి, గుడ్ల ట్రేలు తీసెయ్యి,
తలుపు తెరుచుకునే మేర తీసెయ్యి.
తలకి ఏడు, చిల్లర.

టేపు కింద నుంచి పాకుతున్నారు పిల్లలు.
ఒకడు దాని పక్కన వెల్లకిలా పడుకుని
"నేనెంతండీ?" అన్నాడు.
"మూడడుగుల రెండంగుళాలు" అన్నాను.
ఒకటి తీసెయ్యడం మర్చిపోయాను.
వాడు ఆ అంగుళంతో సహా
బయటికి పరిగెత్తాడు, అమ్మకి చెప్పడానికి.

"ఎత్తు అడగలేదేంటండి మీ చట్టం?"
అన్నారు సువార్తమ్మ గారు.
గోడ మీద, ఆవిడ గుండె దాకా, ఎర్రమట్టి చార.
"పన్నెండు కాదు, పాతిక ఇవ్వండి.
నేల మీద ఇస్తే శ్రావణంలో ఏం చేసుకోను?"
దూలానికి ఒక గోనెసంచి వేలాడుతోంది:
పలకలు, పూసలు, గుడ్డ ఏనుగు.
దాని తొండం మూడుసార్లు కుట్టారట
ఆవిడే, దబ్బనంతో.

సెక్షన్ తొమ్మిది నేను గబగబా చదివేశాను.
కొత్త గదులు, టీచరమ్మకి ట్రైనింగు, మరుగుదొడ్డి...
అన్నీ మూడేళ్ళలోగా.
లోవతల్లి వాళ్ళమ్మ వేళ్ళు మడిచి లెక్కేసి,
మళ్ళీ మొదట్నుంచీ లెక్కేసి,
"అప్పటికి మా పిల్ల వ్యక్తి కాదుగదండీ" అంది.
కోపంగా కాదు. రేవులో పడవ వెళ్ళిపోయిందని చెప్పినట్టు.

అభిప్రాయం అన్న గడి ఒక్క లైనే ఉంది.
గడి దాటి రాశాను:
నేల నుంచి ఆరడుగుల ఎత్తున కట్టవలెను.
పైవాళ్ళు కొట్టేస్తారేమో.
కొట్టేసినా కింద ఏముందో కనిపించేలా
గట్టిగా నొక్కి రాశాను.

తిరుగు పంటులో గేదె లేదు.
"ఇచ్చేశారా చట్టం?" అన్నాడు సరంగు.
"ఇచ్చానండి."
"ఏవన్నారేంటి పిల్లకాయలు?"

ఆయ్ అన్నారండి.
పద్దెనిమిది మంది,
పందొమ్మిది సార్లు.